ఏరేటర్లు ఆపమని అడిగాం

విడవలూరు దాటాక తారు తెగిపోయి
సున్నం చల్లిన గట్టు మొదలవుతుంది.
జీపులో నా ఒళ్లో మైకు.
దానికి తొడిగిన బూడిదరంగు బొచ్చు చూసి
కుక్కపిల్ల అనుకుని పిల్లలు చాలా దూరం వెంటపడ్డారు.

షూటింగ్ రేపు. ఇవాళ చూసుకోడానికే వచ్చాం.
ఎండ ఎటునుంచి పడుతుంది, ప్లగ్గు ఎక్కడుంది,
ఎవరు మాట్లాడతారు, ఎవరు తలుపేసుకుంటారు.

షాహీనా చేతిలో నూట పద్నాలుగు పేజీల తీర్పు.
అరవై రెండో పేజీ మడత పెట్టి ఉంది.
కేక విన్నానన్నాడు దక్షిణం గుంట కాపలాదారు.
ఆ కేక మీద నిలబడింది ఉరి.
తక్కినవన్నీ, గొడ్డలి, పంచె మీద మరక,
ఇవ్వకుండా నిలిపేసిన పదకొండు నెలల జీతం,
దానికి ఆనించిన కర్రలు.

మా సినిమా కూడా ఆ కేక మీదే.
గుంటకు ఎనిమిది ఏరేటర్లు, నాలుగు గుంటలు,
తెల్లార్లూ నీళ్లను చిలికే ముప్పై రెండు చక్రాలు.
ఈ హోరులో రెండొందల గజాల అవతలికి
మనిషి గొంతు ఎట్లా చేరుతుంది?
లాయరు అడగలేదు. మేం అడుగుతాం.
నెల్లూరులో కారం దోసె తింటూ ఈ మాట అనుకున్నప్పుడు
నాకు చప్పట్లు కూడా వినిపించాయి.

ముందు గట్టు మీది ఆ ఇంటికి వెళ్లాం.
ప్రసూన తమ్ముడు తాళం తీశాడు గాని గడప దాటలేదు.
"కాగితాల్లో మా అక్క పేరు ప్రసన్న అని పడింది సార్.
పైకోర్టులోనూ అదే తప్పు.
మీరన్నా సరిగ్గా రాయండి."
అతన్ని అడగాలని రాసుకున్న ప్రశ్నలు నాలుగు పేజీలు.
షాహీనా వాటిని సంచిలోంచి తీయలేదు.

గుంట దగ్గర, ఖాళీ మేత బస్తా పరుచుకుని అంకమ్మ.
మానికల పెంచలయ్య భార్య.
చెముడుగుంట జైలు నుంచి మాకింకా అనుమతి రాలేదు.
ఆమె ములాఖాత్‌కి వెళ్లొచ్చి రెండు నెలలైందట,
బస్సు చార్జీలు లేక.

కొత్త లీజుదారు గడియారం చూసుకున్నాడు.
"మూడంటే మూడు నిమిషాలు. దాటిందా,
రొయ్య పైకి తేలద్ది. ఎవరిస్తారు లెక్క?"
ఒక్కో స్విచ్చూ దించాడు.

చక్రాలు ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగాయి.
నురుగు విరిగే చప్పుడు.
సరుగుడు తోపు, తోపు వెనక సముద్రం.
ఎక్కడో ఓ ఎండ్రకాయ గట్టును గీకుతోంది.
టేపు పట్టుకుని షాహీనా
దక్షిణం గట్టున దూరం కొలుస్తోంది.
నా చెవులకు హెడ్‌ఫోన్లు.
మైకు మూతి అంకమ్మ వైపు తిరిగి ఉంది.

"ఆ రేత్రి గూడా ఇట్నే ఆగిపోయినాయి సామీ,"
అంది నీళ్లు చూస్తా.
"కరెంటు పోయినాది. మా ఆయన జనరేటరు కాడికి ఉరికినాడు.
అది ఓ పట్టాన అందుకోలా.
బీడీ కాలినంత సేపు."

బీడీ కాలినంత సేపు.
అంటే పెంచలయ్య జనరేటరు దగ్గరున్నాడు.
అంటే కాపలాదారు నిజంగానే విన్నాడు.
ఒకటి ఎత్తుకుందామంటే రెండోది వెంట వస్తోంది,
తామరతూడు లాగినట్టు.
నూట పద్నాలుగు పేజీల్లో కరెంటు అనే మాటే లేదు.
ఆమెనెవరూ అడగలేదు.
మేమూ అడగలేదు. నిశ్శబ్దం కావాలన్నాం, అంతే.

హోరు మళ్లీ లేచింది.
ఆమె పెదాలు ఇంకా కదులుతున్నాయి.

రాత్రి లాడ్జిలో షాహీనా రేపటి వరస రాస్తోంది.
ఆరున్నరకి గట్టు. ఎనిమిదికి అంకమ్మ.
పదింటికి కేక పరీక్ష.
అరవడానికి టీకొట్టు కుర్రాడితో ఐదొందలకు మాట్లాడిందట.
"ఏరేటర్లు ఆగినప్పటి నిశ్శబ్దం తీసుకున్నావా?"
తీసుకున్నా.
"బాగుందా?" తలెత్తకుండానే అడిగింది.

హెడ్‌ఫోన్లు ఆమెకిద్దామని
చిక్కుపడ్డ తీగ విప్పుతున్నాను.
కింద వీధిలో కావలి బస్సు వెళ్లిపోయింది.
ఇంకా విప్పుతున్నాను.