సేఫ్ సరే, సౌండెందుకు

జుబేల్‌ల షట్‌డౌన్ నడుస్తున్న నెల.
నా కొలువు పేరు హోల్ వాచ్.
ట్యాంకు తూటు ముందట నిలవడుడు,
లోపలికి పోయినోని పేరు, పోయిన టైము
పలక మీద రాసుడు,
బయటికొస్తే కొట్టేసుడు.
గీ పనికి గూడ జీతమిస్తరా అని
కోరుట్లల మా బామ్మర్ది ఇప్పటికీ నవ్వుతడు.

పొద్దుగాల మీటింగుల
జిజో సారు ఒక ఇంగ్లీషు మాట చెప్పిండు:
అందరం సేఫ్ అండ్ సౌండ్‌గ క్యాంపుకు పోవాలె.
నేను చెయ్యి లేపిన.
సేఫంటే ఎరుకే సార్,
నడుమ సౌండెందుకు?
పోరగాండ్లు ఒకటే నవ్వుడు.
ఆ సౌండు చప్పుడు గాదయ్యా,
పాత కాలపు మాట,
పగలకుంట, చెదరకుంట, ఉన్నదున్నట్టని అర్థం.
గాజు సామాను లారీ దిగినట్టా, అన్నడు నేపాలీ తిలక్.
గట్లనే, అన్నడు సారు.
తలకాయ ఊపిన గని
నమ్మలే.

నా చేతిల ఇత్తడి స్పానరుంటది,
నిప్పు రవ్వ రాలకుంట.
అయిదు నిమిషాలకోసారి ట్యాంకు మీద
రెండు దెబ్బలు కొడత.
లోపట్నుంచి ముత్తెన్న
రెండు దెబ్బలు తిరిగి కొడతడు.
వాకీటాకీ ఉన్నది గని
అంత ఇనుములకు పోతే దాని నోరు పడిపోతది.
ముత్తెన్న జొచ్చేటప్పుడు
పైలం, అంట.
మాకు ఒక్క మాటే. నడుమ అండ్ లేదు.

పదకొండు దాటింది.
రెండు కొట్టిన.
ఏం లేదు.
మళ్ల కొట్టిన.
ఎండకు రేకు సాగుతున్న టిక్కుటిక్కు,
యాడనో క్రేను మూలుగు,
నా గుండెకాయ, అదొక పనికిరాని చప్పుడు.
విజిల్ నోట్లె వెట్టుకున్న.
ఊదితే యూనిట్ మొత్తం బందు,
నాలుగు వందల మంది ఎండల నిలవడాలె,
ఫోర్‌మన్ తల్లిని చెల్లిని తిడతడు.
ఊదకపోతే

ఊదిన.

తూటుల నుంచి తలకాయొకటి బయటికొచ్చింది,
మొకమంత మడ్డి, కండ్లు రెండే తెల్లగ.
ఏమైందిరా,
సుత్తె జారిపడితే దేవులాడుతున్న, అన్నడు.

ఫోర్‌మన్ తిట్టుడు హిందీల మొదలై
ఏ భాషలనో ముగిసింది.
జిజో సారు ఏమనలే. రిజిస్టర్ల ఏందో రాసుకొని
నా దిక్కు నీళ్ల సీస నూకిండు.
పలక మీద ముత్తెన్న పేరు కొట్టేసిన.
గీత సరిగ పడలేదని
ఇంకోపారి కొట్టేసిన.

రాత్రి క్యాంపుల
నా పై మంచం మీద ముత్తెన్న గురక.
ఎప్పుడన్నా కింద నుంచి పలక తన్నుతుంటి,
ఒర్రకురా, నిద్ర వట్టనియ్యవా అని.
ఇయ్యాల తన్నలే.