టికెట్ వెనుక చిల్లర

మొదలు పోయింది గొంతే.
పద్నాలుగేండ్లు పరకాల బస్సుల
"కామారెడ్డిపల్లె, గూడెప్పాడు, ఊరుగొండ, ఆరేపల్లి" అని
ఒక్క ఊపిరిల పిలిచిన గొంతు
ఒకనాడు పొద్దుగాల బొంగురుపోయి
గూడెప్పాడు కాడనే ఆగింది.
ఉప్పునీళ్ళు పుక్కిలించిన, మిరియాలు నమిలిన.
దుమ్ము పట్టిందన్నడు డ్రైవర్ ఓదెలన్న.
నేనూ దుమ్మే అనుకున్న.

ఎండకాలం
ఇంజిన్ మూత పెనం లెక్క కాలుతుంటె
నాకు చలి పెట్టింది.
ఖాకీ కోటు లోపల స్వెటర్ ఏసుకున్న.
ఉపాధి పనికి పోయేటోళ్ళు
కొంగు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు.

తినేది పిడికెడు, పెరిగేది పుట్టెడు.
"కూసుండి చేసే నౌకరి, ఊరదా మరి" అన్నది యారాలు.
కూసుండుడా!
నడిమి కడ్డీ పట్టుకొని
పరకాల నుంచి హన్మకొండ దాక
మనుషుల వాగు ఈదుడు
ఎన్నడన్న చూసిందా ఆమె.

వెంట్రుకలు రాలి టికెట్ మిషిన్ పట్టీకి చుట్టుకునేవి.
నెలసరి వచ్చిందంటె పదిరోజులు పోయేది కాదు.
డిపో బాత్‌రూమ్ల నీళ్ళు రాని సంగతి
నాకూ ఆ గోడకూ తెలుసు.

ఇగ మతిమరుపు.
ఎక్కినోళ్ళు తొంభై, కొట్టిన టికెట్లు ఎనభై ఏడు.
జీరో టికెట్లే, పైస లేని టికెట్లే,
అయినా లెక్క లెక్కే.
మూడు సున్నాలు తక్కువైనయని మెమో వచ్చింది:
"ఇ. కోమలత, కండక్టర్. విధుల పట్ల అలసత్వం."

ఆ మాటను దిండు కింద పెట్టుకొని పండుకున్న.
అలసట అని రాసుంటె
అక్కడికక్కడే సంతకం పెట్టేదాన్ని.

రాత్రి ఏడుపొచ్చేది, ఎవరి చావుకో తెల్వదు.
మా ఆయన ఐనవోలు మల్లన్నకు
కోరమీసాలు మొక్కుకున్నడు.

ఎంజీఎంల ఆ పిల్ల డాక్టర్
మడిమె నరం మీద చిన్న సుత్తెతోని కొట్టింది.
పాదం దిగ్గున లేచింది గని
వెనక్కి పోనీకి మొహమాటపడ్డది.
ఆమె మళ్ళ కొట్టింది.
మళ్ళ గట్లనే.
అప్పుడు రాసింది రక్తపరీక్ష.

గోడ మీది బొమ్మ చూపి
సీతాకోకచిలుక లెక్కుంటదమ్మా ఈ గ్రంథి, అన్నది.
నాకు చిలుక కనపడలే.
విజిల్ కనపడ్డది.
గుండెకు రైటు, పేగులకు రైటు,
తోలుకు, గర్భసంచికి, జ్ఞాపకానికి,
మనసుకు సుత రైట్ రైట్ చెప్పే విజిల్.
అది ఊదకుంటె
ఇంజిన్ ఎంత మంచిదైతేంది,
బండి స్టాండ్లనే.

"గుండె చుట్టూ నీరు చేరింది,
రక్తంల కొవ్వు పెరిగింది,
ఇన్ని రోజులు ఏం చేసినవమ్మా?"
టికెట్లు కొట్టిన, అన్న.

ఇప్పుడు నాలుగింటికి లేస్త.
పరగడుపున, కందిగింజంత సుత లేని తెల్లగోలీ.
ఆ తర్వాత అరగంట చాయ లేకుండ ఉండుడే
ఈ రోగంల అన్నిటికన్న పెద్ద కష్టం.
గొంతు మెల్లగ తిరిగొస్తున్నది,
ఆరేపల్లి దాక బాగనే పోతది,
ములుగు రోడ్డు కాడ ఇంకా గీరుకుంటది.
మెమో ఫైల్లనే ఉన్నది.
దానికి గోలీ లేదు.

మొన్న రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం,
ఊరుగొండ కాడ ఒకామె ఎక్కింది.
మీద శాలువ.
కండ్ల కింద ఉబ్బు, పొడిబారిన మోచేతులు.
పేరడిగితె జవాబు
ఇంకో స్టాపు దాటినంక వచ్చింది.
జీరో టికెట్ కొట్టి, వెనక్కి తిప్పి,
పెన్నుతోని రాసిన:
థైరాయిడ్ పరీక్ష, ఎంజీఎం, పొద్దుగాల పోవాలె.

ఆమె అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"జీరో టికెట్‌కు చిల్లరేంది అక్కా?"

నీకు రావలసిందే, అన్న.
దిగేటప్పుడు మర్చిపోకు.