బోణీకి ముందటి కట్ట

మొదలు గ్యాసనుకున్న.
తిన్న గంటకు బొడ్డు మీద
తడిబట్ట పిండినట్టు మెలితిప్పుడు.
వాము నమిలిన. సోడా తాగిన.
లక్ష్మీపురం మార్కెట్ల గంప దించి
గోనెసంచి మీద ముడుసుకొని పండుకుంటే
పక్క గంప మొగిలవ్వ అన్నది,
"గిది గ్యాసు కాదే ఉప్పలా, దవాఖానకు నడు."

స్కానింగు సొరంగంల పండవెట్టి
చేతి నరంల వేడి వేడిగ ఏదో ఎక్కిచ్చిన్రు.
కార్జానికి పోయే పెద్ద నరంల
నెత్తురు గడ్డ కట్టిందట.
డాక్టరమ్మ కాయితం మీద గీసి సూపెట్టింది,
ఒక కాడ, రెండు పాయలు,
పాయల సందున నల్లపెన్నుతోటి మచ్చ.
నాకు కొయ్యగూర కాడ లెక్క అగుపడ్డది,
కణుపు కాడ మురిగింది.
అసొంటిది నేనైతే గిల్లి పారేస్త.

"గిల్లరా మరి?"
"గిల్లం అవ్వా. ఈ మందు గడ్డను కరగియ్యది,
పెరగనియ్యది, అంతే.
మిగిలిన పని నీ పెయ్యే చేసుకోవాలె."

బొడ్డు చుట్టూ పది రోజులు సూదులు.
పొట్ట మీద నేరేడు పండ్లు రాలి చితికినట్టు మచ్చలు.
ఆ తర్వాత గోలి,
మాపటి ఏడింటికి,
కరెంటున్నా లేకున్నా ఏడింటికే.

నెత్తురు పరీచ్చ నంబరు
రెండుకు మూడుకు నడుమ ఉండాలెనట.
తక్కువైతే గడ్డ పెరుగుతది,
ఎక్కువైతే పండ్లు తోముకున్నా నెత్తురే.
నా నంబరు ఒక్కనాడు నిలవడలే.
ఒకటిన్నర.
మూడు పాయింట్ తొమ్మిది.
మల్ల ఒకటీ ఏడు.

"గోలి మర్శిపోతున్నవా?"
లే. మనుమరాలు పావని క్యాలెండర్ మీద గీత కొడ్తది.
"నొప్పుల గోలీలు?" లే.
"చెట్ల మందు?" లే.
"ఆకుకూరలు ఎంత తింటవు?"

ఎంతని చెప్పుదు?
అమ్ముడువోనివి తింట.
ముసురు పట్టిన వారం గిరాకి లేక
పొద్దుగాల పాలకూర, మాపు మెంతికూర,
తెల్లారి మల్ల అదే పాలకూర.
పెండ్లిళ్ల వారం ఆకు మిగలదు,
ఉల్లిగడ్డ కారం, సల్ల.
ముప్పై ఏండ్ల సంది గంతే.

డాక్టరమ్మ పెన్ను ఆగింది.
తారీఖుల పక్కన వానలు రాయమన్నది,
పండుగలు రాయమన్నది.
పావని రాసింది.
వాన వడ్డ కాడల్లా నంబరు దిగి, నెత్తురు చిక్కన.
గిరాకి తగిలిన కాడల్లా పల్చన.
నా బేరం నా నరాలల్ల నడుస్తున్నదని
నాకే ఎర్కలే.

"ఆకుకూర మానకు. రోజూ గంతే తిను. ఒక్క తీరుగ."

ఒక్క తీరుగ.
ఆ మాట మా ఇంట్ల
ఉప్పుకు తప్ప దేనికీ చెల్లలే.

ఇప్పుడు తెల్లారగట్ల
పైడిపల్లి ఆటో దిగి మూట ఇప్పినంక,
నీళ్లు సల్లకముందే
ఒక పాలకూర కట్ట తీసి పక్కకు పెడ్త.
వాడింది కాదు.
పురుగు కొట్టింది కాదు.
మొదటి రోజు చెయ్యి వణికింది,
నా గంపల నేనే దొంగతనం జేసినట్టు.

ఆరు నెలలకు మల్ల స్కానింగు.
పెద్ద తొవ్వ సగం తెరుసుకున్నదట.
ఎవలు చెప్పకున్నా పక్కపొంటి
సన్నసన్న నరాలు మొలిశినయట,
ఒడ్డుపొంటి గంగవాయిలి కూర లెక్క.
గోలి మాత్రం ఇంకా ఆపొద్దన్నది.
ఆపలే.

హంటర్ రోడ్డు అమ్మ రోజూ అడుగుతది,
పక్కకు పెట్టిన కట్ట దిక్కే సూసుకుంట.
"అది గూడ ఇయ్యరాదు, పది ఎక్కువిస్త."
అది అమ్మేది కాదమ్మా.
"మరెవలికి దాశినవ్?"

మోచేతి కాడి నీలిమచ్చ మీదికి
కొంగు గుంజుకొని,
కొత్తిమీర ధర చెప్పిన.