ఉమ్మడి ఫోల్డరు

లైబ్రరీ నేలమాళిగలో, బాయిలరు పక్కన
ఒక్కటే యంత్రం.
కరిగిన మంచు మెట్లు దిగి వస్తుందని
కింద రెండు ఇటుకలు పెట్టాను.
మా వార్డోలో నవంబరు చివర్న సూర్యుడు సెలవు పెడితే
మళ్లీ జనవరి దాకా మొహం చూపించడు.
ఆ రెండు నెలలూ నాకు పగలంటే
యంత్రం మీద మిణికే ఆకుపచ్చ చుక్క.

ఏడుగురు వచ్చి ఏడు వెబ్‌సైట్లు అడిగారు:
బేకరీ ఆస్లౌగ్, కాడ్ చేపల సంఘం, చర్చి గాయక బృందం,
పడవ ఇంజన్ల మెకానిక్కు, పసిపిల్లల బడి,
అల్లికల క్లబ్బు,
శవపేటికల తోర్కెల్.
అదే సాఫ్ట్‌వేరు ఏడుసార్లు ఎక్కించి
అదే చిల్లు ఏడుసార్లు పూడ్చే ఓపిక నాకు లేదు.
యాభై ఎనిమిదేళ్లు. మోకాలొకటి అరువుది.

అందుకని ఒక్కసారే ఎక్కించాను.
వంట ఒకటే, విస్తళ్లు ఏడు.
ఒక్కో పేరుకూ ఒక చిన్న సెట్టింగుల ఫైలు,
వేరే డేటాబేసు, వేరే తాళంచెవి,
ఫోటోలు దాచుకోను వేరే అర.
వచ్చినవాళ్లు ఏ పేరు పట్టుకొచ్చారో
ప్రోగ్రాం గుమ్మంలోనే చూస్తుంది.
ఎవరింటికండీ? అంటుంది,
ఆ ఒక్క గది తలుపే తీస్తుంది.
పక్క గదిలో దగ్గినా వినపడదు.

తోర్కెల్‌కు నచ్చలేదు.
"మావాళ్లు బన్నుల వాసన మధ్య పడుకోరు, రాగ్న్‌ఫ్రిడ్."
వేరు కుంపటి పెట్టిమ్మన్నాడు.
నెలకు ఎంతవుతుందో చెప్పాను.
టోపీ సర్దుకుని, పోనీలే, ఉమ్మడిలోనే ఉంటానన్నాడు.

మూడు శీతాకాలాలు.
ఒక్క అప్‌డేటుతో ఏడిళ్లకూ సున్నం కొట్టేదాన్ని.
ఒక్క సెమికోలన్ జారిందా,
ఏడిళ్లలో ఒకేసారి దీపాలారేవి.
చేపల ధరతో పాటు పిల్లల మధ్యాహ్నపు తిండి పట్టికా మాయం.
ఉమ్మడి అంటే మరి అంతే,
చలి కూడా వాటాలకొస్తుంది.

పోయిన ఫిబ్రవరిలో
రేవు దగ్గర క్రేను నడిపే బ్యోర్నార్ పోయాడు.
అంత్యక్రియలు ఎన్నింటికోనని హ్యోర్డిస్
చెల్లెలి ఫోనులో వెతికింది.
తోర్కెల్ సైటు పేరులో మా ఊరి పేరుంది,
దాని చివర సున్నా మీద గీత కొట్టినట్టుండే అక్షరం.
గీత లేకుండా కొట్టింది ఆమె.
ఆ పేరు కూడా కొనిపెట్టాను నేను.
దానికి ఫైలు రాయడం మరిచాను.

పేరు పోల్చుకోలేని అతిథికి
జాబితాలో మొదటి గదే తెరుచుకుంటుంది.
మొదటిది బేకరీ.
"రేపు ఉదయం ఆరింటికి. ఆలస్యమైతే మిగలవు."

నల్లకోటు వేసుకుని ఆరింటికే వెళ్లింది హ్యోర్డిస్.
ఇదేం వేళ అనుకుందట,
చావుకు వేళేమిటని కూడా అనుకుందట.
ఆస్లౌగ్ ఏమీ అడగలేదు.
పొయ్యి దగ్గరికి కుర్చీ లాగి, కాఫీ పోసి,
పిండి చేతులతోనే తోర్కెల్‌కు ఫోను చేసింది.
అతను చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని వచ్చాడు.
ముగ్గురూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.
ఆ రోజు బడి పిల్లలకు బన్నులు ఆలస్యంగా అందాయి.

నాకెవరూ ఫిర్యాదు చేయలేదు.
లాగులో నేనే చూశాను:
రాత్రి పదకొండూ పన్నెండు, ఒక పేరు, ఒక గీత తక్కువ.
అప్పటికప్పుడు ఆ ఫైలు రాశాను.
తర్వాత, దారి తప్పినవాళ్లకని
ఎనిమిదో గది కట్టాను.
ఫోటోలు లేవు, ధరలు లేవు.
ఏడు పేర్లు, పైన ఒక్క వాక్యం:
ఎవరింటికండీ?

నెలకు ఇద్దరో ముగ్గురో వస్తారు.
చాలామంది బేకరీ మీదే నొక్కుతారు.
నిన్న ఒకరు దేన్నీ నొక్కలేదు.
ఆ పేజీనే
నాలుగుసార్లు తెరిచారు.