రిమార్కుల గడి

తెల్లారి ఐదున్నరకి ఆత్మకూరు వస్తుంది నా దగ్గరికి
కాలవలో, ముఖం కడుక్కుంటూ.
ముందు నురగ. వెనకే బియ్యం కడుగు.
ఏడు దాటితే సబ్బు వాసన, బడిపిల్లల తొందర.
ఆదివారం పదకొండింటికి కమ్మీలకి మసాలా జిడ్డు పడితే
బ్రష్షు పెట్టి గీకేది నేనే.
రాత్రి రెండింటికి మాత్రం సన్నటి ధార.
ఎవరింట్లోనో నిద్రపట్టని మనిషి లేచుంటాడు.
ఆయనెవరో తెలీదు. ఆయన నీళ్ళు తెలుసు.

ఊళ్ళో అడిగితే నీళ్ళ డిపార్టుమెంటు అంటాను.
ఏ నీళ్ళో చెప్పను.
షేరాటోలోవాళ్ళు మా గోడ రాంగానే మాట ఆపి ముక్కు మూస్తారు.
మూసింది తమ వాసనకేనని
గేటు మీద రాయిద్దాం అంటాడు చెంచురామయ్య.
రంగుకి డబ్బుల్లేవు.

జల్లెడ కాడ షాంపూ పొట్లాలు, జడపిన్నులు, చీర పేలిక,
ఒకసారి జాతర మర్నాడు ఒంటి కాలిపట్టా.
కడిగి కిటికీలో పెట్టా.
మూడేళ్ళయింది, ఎవరూ రాలేదు.
ఎట్టా వస్తారు?
ఏ దారిన పోయిందో చెప్పాల గదా.

ఆవల తొట్టిలో నా పశువులు.
కంటికి ఆనవు.
గాలి పీలుస్తాయి, మురికి మేస్తాయి,
కడుపు నిండితే అడుక్కి చేరి పడుకుంటాయి.
గాజు జాడీలో అరగంట పెట్టి చూస్తా:
మూడొందల గీత కాడ ఆగితే కులాసా,
పైకి తేలితే జబ్బు.
తొలకరి నేల వాసనొస్తే బతికున్నట్టు.
మురిగిన గుడ్డు వాసనొస్తే తప్పు నాది.

బురద ఎండబెట్టే మళ్ళలో
ఎవరూ వెయ్యని టమాటా మొక్కలు.
ఊరు తిన్న గింజలే.
ఎర్రగా కాస్తాయి. మేం కొయ్యం.
కాకులకి ఆ పట్టింపు లేదు.

రాత్రి గాలివానకి కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిల్ అడుగంటింది, ఇండెంటు నెల్లూరులో ఉంది.
గంట. రెండు గంటలు.
బుడగలు ఆగిన తొట్టి నల్లగా, నున్నగా.
బొగ్గేటి వైపు వాల్వు తిప్పేస్తే పోయేది.
చీకటి, పైన వాన, ఎవరు చూడొచ్చారు?
చెయ్యి చక్రం మీదే ఉండింది. అబద్ధమెందుకు.
అంతలో తడుసుకుంటా చెంచురామయ్య,
బావమరిది ట్రాక్టర్లోంచి నోటితో లాగిన
క్యానుడు డీజిల్‌తో.
తెల్లారిందాకా ఉమ్ముతానే ఉన్నాడు.

పొద్దున ఏటి మలుపు కాడ, మోకాటి లోతులో పోలమ్మ,
బుట్ట దించి చెయ్యి తిప్పుతుండాది.
రెండేళ్ళ కిందట ఈ మలుపుని తిట్టుకుంటా
సంగం దాకా నడిచిపొయ్యేది.
"మాల్యాద్రీ" అంది తలెత్తకుండా,
"ఇసకదొందులు ఎక్కొచ్చుండాయి."
అంతే.

రిజిస్టరు తెరిచా.
వచ్చిన నీళ్ళు, పోయిన నీళ్ళు, క్లోరిన్,
కరెంటు లేని గంటలు మూడు.
డీజిల్ గడి ఖాళీగా వదిలా.
రిమార్కుల్లో రోజూ 'ఏమీ లేవు' అని రాసేవాణ్ణి,
ఇవాళ పెన్ను కాసేపు నిలబడింది.
దొందులు ఎన్నని రాసేది? లెక్కపెట్టలేదు గదా.
'ఏమీ లేవు' అనే రాసి,
పోలమ్మ ఉందో, పోయిందో
చూద్దామని లేచా.