పఫ్తి చీల

పాత తువ్వాల్లో చుట్టి తెచ్చింది రుసాన.
బల్ల మీద విప్పితే రెండు లోహపు ఆకులు,
పోట్లాడుకుని చెరోవైపు తిరిగి పడుకున్న ఆలుమగల్లా.
"అమ్మమ్మ నడికట్టు పఫ్తి. తళతళలాడాలి బాబాయ్,
శనివారం స్మోల్యాన్‌లో మా బృందం ఆడుతోంది."

వెండి అంటారు గానీ సగానికి పైగా రాగే.
మా రొడోపి కొండల్లో పాతకాలపు కంసాలులు
మేకనిచ్చిన ఇంటికి వెండి ఎక్కువ వేసేవాళ్ళు,
పెరుగు పోసిన ఇంటికి రాగి.
భూతద్దం పెట్టాను.
రెండు తలల పక్షి.
ఎడమ తలకి ఈకలు లెక్కపెట్టొచ్చు,
కంట్లో ఎర్రగాజు ఇంకా ఉంది.
కుడి తల లేదు.
విరగలేదు, అరిగింది. బొటనవేలు తినేసింది
రోజుకింత, ఉప్పురాయిని మేక నాకినట్టు.

తెల్లారుతూనే ఇది తగిలిస్తేనే కదా
దేసా నడుం బిగించినట్టు,
పొగాకు కోతకి, ఎండుగడ్డికి, మంచులో కట్టెలకి.
రాత్రి చీల లాగితేనే నడుం వాల్చినట్టు.
మధ్యలో ఏమేం మోసిందో ఆ కీలుకే తెలియాలి.

వెనక్కి తిప్పాను.
పొట్టకి తగిలే వైపు, ఎవరూ చూడని వైపు,
సూదితో గీసిన తొమ్మిది గీతలు.
"పిల్లలా?"
"నలుగురే."
"అప్పులా?"
రుసాన భుజాలెగరేసింది.
సరే. ఆ వైపు నేను ముట్టుకోను.

ఇక చీల.
గొలుసు వెండిదే, దాని చివర పూసా వెండిదే.
చీల మాత్రం ఇనుము. ఒక కొసన మరచుట్లు.
సైకిల్ చక్రపు పుల్ల!
ఆ రోజుల్లో మీ ఊరికి సైకిల్ ఒక్కటే అన్నాను, నోరు జారి,
తపాలా త్రాయోది.
రుసాన నవ్వింది. తర్వాత నవ్వలేదు.
"తాతయ్య గొర్రెల కాపరి. ఆయనకి సైకిలెక్కడం రాదు."
నేను కొలిమి వైపు తిరిగి, చల్లారని నిప్పునే ఊదాను.
"వెండి చీల చేసి పెట్టు" అని వెళ్ళిపోయింది.

బూడిదా వెనిగరూ కలిపి తోమాను.
చిలుము పచ్చగా కారింది. దాని కింద
చెమట, గొర్రెకొవ్వు, పొగాకు జిగురు.
ఆ వాసన మూడు రోజులు నా గోళ్ళలోనే.
పక్షి లేని తల దగ్గర మాత్రం గుడ్డ ఆపేశాను.

వెండి చీలకి రెండు రాత్రులు పట్టింది.
నున్నగా, సూటిగా వచ్చింది. దూరలేదు.
సన్నం చేశాను. దూరింది గానీ
వదులు పన్నులా కదిలింది.
కీలు లోపలంతా ఎన్నో ఏళ్ళుగా
ఆ పుల్ల మరచుట్లకే ఒరిసిపోయి ఉంది.
పుల్లనే మళ్ళీ దూర్చాను.
టక్కున పట్టింది.

శుక్రవారం వచ్చి, జీన్స్ మీదే పెట్టుకుంది.
"ఈ పక్క మెరవలేదేం?" అంది అద్దంలో చూస్తూ.
నేను జవాబు వెతుక్కునేలోగా
ఆమె బొటనవేలు దానంతటదే
అక్కడికి పోయి ఆగింది.

"చీల ఇనుముదే ఉంచావు."
"ఉంచాను."

సగం డబ్బిచ్చింది.
మిగతా సగం నాట్యమయ్యాక.