చివరి గడి

షెఫీల్డ్‌లో వాన కనిపిస్తుంది, వినిపించదు.
మా ఆఫీసు కిటికీకి రెండు అద్దాలు,
మధ్యలో ఏదో వాయువు నింపారట, చలి రాకుండా.
నాలుగంతస్తుల కింద ట్రామ్ కూడా
చెప్పకుండా వెళ్ళిన చుట్టంలా మలుపు తిరిగిపోతుంది.

నా పని శుభ్రం చెయ్యడం.
చీపురుతో కాదు.
మలావీలో, జొంబా చుట్టుపక్కల,
రెండో తరగతి పిల్లలు నిమిషంలో ఎన్ని మాటలు చదివారో
ఆ అంకెల్లోంచి రాళ్ళు ఏరడం.
ఒకే పిల్ల రెండుసార్లు పడితే ఒక వరుస తీసెయ్యాలి.
వయసు నూట ఏడని ఉంటే ఏడు చెయ్యాలి.
సగటు ఇరవై దాటితే వచ్చే విడత డబ్బు వెళ్తుంది.
దాటకపోతే
"నేర్చుకున్న పాఠాలు" అని ఒక అధ్యాయం రాస్తాం.
నేర్చుకునేది మేమే.

2114వ వరుస.
ఆడపిల్ల. ఎనిమిదేళ్ళు.
పేరుండాల్సిన చోట తొమ్మిదంకెలు.
చదివిన మాటలు: సున్నా.
చివరి గడిలో, ఎవరూ తెరవని వ్యాఖ్యల గడిలో,
లెక్క రాసుకొచ్చిన తియమికే చిసాలే ఇలా రాసింది:
"రేకుల మీద వాన.
మొదలుపెట్టమన్నది పాపకు వినపడలేదు.
నా పెదాలు చూసి నవ్వింది.
నిమిషం అయిపోయింది."

రొవీనాని అడిగాను.
"సగటు మారుతుందా?"
"ఒక్క పిల్లతో ఏం మారుతుంది."
"మరింకేం."
చెడ్డ మనిషి కాదు.
నా పుట్టినరోజుకి గుడ్డు లేకుండా
క్యారెట్ కేకు చేసుకొచ్చిన మనిషి.

మార్కాపురం అవతల, నా మూడో తరగతిలో
పక్కూరి బడికి డిప్యూటీ ఈవో వస్తున్నాడు.
వాళ్ళకి పిల్లలు చాల్లేదు.
మా పంతులు పదకొండు మందిని ఇచ్చాడు,
తవ్వెడు బియ్యం బదులిచ్చినట్టు.
ట్రాక్టరెక్కి పోయాం.
ఆ మధ్యాహ్నం నా పేరు సుభాషిణి.
అసలు సుభాషిణి మిరపకోతలకు పోయింది.
ఆమె గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే
చెయ్యెత్తి "ప్రజెంట్ సార్" అన్నాను.
సార్ టిక్కు పెట్టాడు.
తలా ఒక బూందీ పొట్లం.
ఒకే రోజు నేను రెండు బళ్ళలో ఉన్నాను,
సుభాషిణి ఒక్క బళ్ళోనూ లేదు.
కాగితం మీద ఇద్దరం సమానం.

అందరూ వెళ్ళిపోయాక
వ్యాఖ్యల గడులన్నీ వెతికాను,
"వాన" అని ఒక్క మాట కొట్టి.

నూట అరవై మూడు.

అన్నీ ఫిబ్రవరిలో ఒకే తొమ్మిది రోజులు.
అన్నీ సున్నాలు.
అన్నీ కొత్త గదులు.
కొత్త గదులు మేం కట్టించినవే.
నాలుగో సూచిక: "రేకుల కప్పు వేసిన తరగతి గదులు",
లక్ష్యం నూరు, సాధించింది నూరు,
పట్టిక మొత్తంలో
అన్నిటికన్నా పచ్చటి గడి.
గడ్డికప్పు మీద వాన గొంతు తగ్గించి మాట్లాడేది కాబోలు.
అది కొలవడానికి మా దగ్గర సూచిక లేదు.

పొద్దున్నే రొవీనాకి చూపించాను.
ఆ సున్నాలు పరీక్షే కాదు, పక్కన పెడదామన్నాను.
ఆమె వేళ్ళు చకచకా ఆడాయి.
పంతొమ్మిది పాయింట్ ఆరు కాస్తా
ఇరవై పాయింట్ తొమ్మిది.
"దాటేశాం!" అంది, కుర్చీలో ఒక చుట్టు తిరిగి.

నేను చెప్పొచ్చింది అది కాదు.
రేకుల గురించి, వాన గురించి,
నివేదికలో ఒక్క పేజీ అడిగాను.
"అపెండిక్స్‌లో పెట్టు" అంది, "ఏడో దాంట్లో, ఫుట్‌నోట్‌గా."
మా భాషలో దాన్ని అనుబంధం అంటామని
ఆమెకి చెప్పలేదు.

ఫుట్‌నోట్ చిన్న అక్షరాల్లో రాస్తున్నాను.
తియమికే పేరు పెట్టాను.
పాప పేరు నాకు తెలియదు.
ఈసారి ఆ పేరుకి నేను పలకలేను.

రెండద్దాల అవతల
వాన పెదాలు కదుపుతోంది.
ఏమంటోందో వినపడదు.
నిమిషం అయిపోవస్తోంది.